ఘాజీ మునిగి యాభై ఏళ్ళు దాటింది, ఇంకా ఎవరి దగ్గర దాస్తున్నాం?

బీచ్‌రోడ్
మొన్న ఆదివారం మా మేనల్లుడిని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి తీసుకెళ్ళి, అక్కడి నుంచి నడుచుకుంటూ విక్టరీ ఎట్ సీ స్తూపం దాకా వచ్చాం. వాడు పదో తరగతి, ఏది చూసినా వెంటనే ఫోన్ తీసి వెతుకుతాడు. "మామయ్యా, ఘాజీని మనవాళ్ళు ముంచారా, అదే పేలిపోయిందా, రెండు రకాలుగా రాశారేంటి?" అన్నాడు. నేను పుట్టిందీ పెరిగిందీ వైజాగ్‌లోనే, అయినా నోట మాట రాలేదు.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ 1971 నవంబర్ 14న కరాచీలో బయల్దేరింది, మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుక్కుంటూ. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక వైజాగ్ హార్బర్ బయట పెద్ద పేలుడు, అందులో ఉన్నవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. మన నేవీ మాట ఏంటంటే మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ళ లోపల పేలే బాంబుల) వల్ల మునిగిందని. పాకిస్తాన్ మాట ఏంటంటే తను పెట్టిన మైనే తనకు తగిలిందనో లోపలే ఏదో పేలిందనో. మా నాన్నగారు అప్పట్లో పోర్టులో క్రేన్ ఆపరేటర్. ఊరంతా బ్లాకవుట్, కిటికీలకి నల్ల కాగితాలు, ఆ రాత్రి ఇంట్లో గిన్నెలు గలగలలాడాయని చెప్పేవారు. పొద్దున్నే జాలర్లకి సముద్రం మీద నూనె తెట్టె, ఏవో వస్తువులూ దొరికాయని కూడా. ప్రభుత్వం మాత్రం సంగతి డిసెంబర్ 9న గానీ బయటకు చెప్పలేదు. సరే, యుద్ధం నడుస్తోంది, అర్థం చేసుకోవచ్చు.

కానీ 2010లో పేపర్లలో ఏమొచ్చిందో గుర్తుందా? సైన్యం ఈస్టర్న్ కమాండ్ దగ్గర 1971 యుద్ధం రికార్డులు చాలావరకు ఎప్పుడో ధ్వంసం చేసేశారని, ఘాజీ ఫైళ్ళు కూడా నేవీ దగ్గర దొరకడం లేదని. అంటే మనం గెలిచిన యుద్ధం కాగితాలే మన దగ్గర లేవు! దాచారు అంటే కనీసం ఎక్కడో ఉన్నాయని ధైర్యం. ఇవి దాచి దాచి పోగొట్టుకున్నారు. రహస్యం పేరుతో జరిగేది దేశ రక్షణా, లేక ఎవరూ లెక్క అడగకుండా ఉండటమా? పార్టీల గొడవ లేకుండా మాట్లాడండి బాబూ.

మాధవరం_మిలిటరీ
బీచ్‌రోడ్ గారూ, మాది మిలిటరీ మాధవరం, నేను 24 ఏళ్ళు సైన్యం సిగ్నల్స్ (వైర్‌లెస్, ఫోన్ల) విభాగంలో చేసి సుబేదారుగా దిగాను. మీ ఆవేదన సరే గానీ ఒక్క మాట. ఆ ఘాజీ అసలు వైజాగ్‌కి ఎందుకొచ్చింది? రహస్యం వల్లే కదండీ.

విక్రాంత్ అప్పుడు వైజాగ్‌లో లేదు, అండమాన్ వైపు దాచారు. కానీ వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు విక్రాంత్ వైజాగ్ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా నాటకం ఆడించారు. రాజ్‌పుత్ చేత పెద్ద ఓడ పంపినట్టు వైర్‌లెస్ సిగ్నల్స్ పంపించారు. ఊళ్ళో కాంట్రాక్టర్లకి పెద్ద ఎత్తున మాంసం, కూరగాయలు ఆర్డర్ ఇచ్చారు, బజార్లో ఆ మాట నలుగురికీ పాకుతుందని తెలిసే. విక్రాంత్‌లోని నావికుడెవరో జబ్బుపడ్డ వాళ్ళమ్మ గురించి అడుగుతున్నట్టు మామూలు టెలిగ్రామ్ కూడా ఒకటి. ఆరోజు మీ నాన్నగారితో సహా వైజాగ్‌లో ఏ ఒక్కరికి నిజం తెలిసినా ఆ మాట చేరాల్సిన చోటికి చేరిపోయేది. ఇంటిగుట్టు లంకకు చేటు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఫౌజులో మొదటి రోజే నేర్పుతారు, నీ పనికి ఎంత అవసరమో అంతే తెలుసుకో అని. పక్క బంకులో పడుకున్నవాడికి కూడా నా డ్యూటీ ఏంటో చెప్పేవాణ్ణి కాదు. ఇందులో అహంకారమేమీ లేదు, అవతలివాడి ప్రాణం కోసమే.

బీచ్‌రోడ్
సుబేదారు గారూ, మీరు చెప్పిందంతా నాకు ఎలా తెలుసంటారు? కృష్ణన్ గారే రిటైరయ్యాక పుస్తకంలో రాసుకున్నారు కాబట్టి. రాశాక దేశానికి ఏమైనా నష్టం జరిగిందా? లేదు కదా. నేను అడిగేది కూడా అదే. డిసెంబర్ 3న దాయండి, 4న దాయండి, 1981 దాకా దాయండి. యాభై నాలుగేళ్ళ తర్వాత కూడా మా మేనల్లుడికి ఏం చెప్పాలో తెలీని పరిస్థితి ఎందుకు?

కేజీహెచ్‌డౌన్
బీచ్‌రోడ్ అన్నా, శిథిలాలు దొరికాయి కదా ఈమధ్య. 2024లో వార్త వచ్చింది, నేవీ డీఎస్‌ఆర్‌వీతో (సముద్రం లోతుకి దిగే రెస్క్యూ వాహనంతో) చూశారని, మన తీరానికి రెండు రెండున్నర కిలోమీటర్ల దూరంలోనే, వంద మీటర్ల లోతులో. యుద్ధంలో చనిపోయినవాళ్ళ సమాధి అని దాన్ని ముట్టుకోలేదట. అది నాకు నచ్చింది.

ఇంకోటి, మా కజిన్ డాక్‌యార్డ్‌లో కాంట్రాక్ట్ మీద చేస్తున్నాడు, వాడు చెప్పాడు మొన్న శుక్రవారం రాత్రి
[ఈ పోస్టులో మిగతా భాగం తొలగించబడింది – అడ్మిన్]

అడ్మిన్
కేజీహెచ్‌డౌన్, నువ్వు మంచి మనసుతోనే రాశావని తెలుసు. కానీ ఏ ఓడ ఎప్పుడు బయల్దేరింది, ఎవరు ఏ గేటు దగ్గర పనిచేస్తారు, ఇవి ఈ వేదికలో వద్దు. మీ కజిన్ ఉద్యోగం కూడా పోతుంది. పోస్టు తీసేశాను, నిన్ను బ్లాక్ చేయలేదు.

కేజీహెచ్‌డౌన్
హహ, పారదర్శకత మీద చర్చలో నా పోస్టుకే సెన్సార్. బాగుంది.

మాధవరం_మిలిటరీ
నవ్వులాట కాదు నాయనా. మీ ఊళ్ళోనే 2019 డిసెంబర్‌లో ఏం జరిగిందో తెలుసా? ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్. ఆంధ్రా పోలీసు ఇంటెలిజెన్స్, కేంద్ర ఏజెన్సీలు కలిసి ఏడుగురు నేవీ కుర్రాళ్ళని పట్టుకున్నారు. వాళ్ళేమీ తుపాకులు అమ్ముకోలేదు. ఫేస్‌బుక్‌లో అమ్మాయి పేరుతో ఎవడో పరిచయమయ్యాడు, ఓడలు ఎప్పుడొస్తాయి ఎప్పుడెళ్తాయి అని కబుర్లలో పెట్టాడు, తర్వాత డబ్బులు, తర్వాత బెదిరింపు. ఆ దెబ్బతో నేవీ బేసుల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించారు. నువ్వు రాసిన ఆ ఒక్క లైను కోసమే అవతల ఒకడు నెలల తరబడి ప్రేమ నటించాడు, నువ్వు ఫ్రీగా ఇచ్చేస్తున్నావు.

కేజీహెచ్‌డౌన్
సారీ బాబాయ్. నిజంగా ఆలోచించలేదు.

పేట_పోరగాడు
ఓడల టైమింగ్ దాచాలె, దానికి ఎవరూ కాదనరు. మాది సూర్యాపేట. కర్నల్ సంతోష్ బాబు గారి ఊరు అని వేరే చెప్పక్కర్లేదు. 2020 జూన్ 16 మధ్యాహ్నం టీవీలో, గల్వాన్‌లో చైనావాళ్ళతో ఘర్షణలో చనిపోయింది మొదట ఒక అధికారి, ఇద్దరు జవాన్లు అన్నారు. రాత్రికి ఇరవై మంది అన్నారు. ఆరోజు మా ఊళ్ళో ఎవరి ఇంట్లో పొయ్యి వెలిగిందో నాకు గుర్తులేదు. కరోనా రోజులు, అయినా అంతిమయాత్రకి జనం రోడ్డు పక్కన, మేడల మీద నిలబడి పూలు చల్లారు.

తర్వాత మూడు రోజులకి అఖిలపక్షంలో ప్రధాని మన భూభాగంలోకి ఎవరూ చొరబడలేదు, ఇప్పుడూ ఎవరూ లేరు అన్నారు. మరి మా సార్ ఎక్కడ, ఎందుకు పోరాడినట్టు? పీఎంవో మర్నాడు వివరణ ఇచ్చింది, ఆ మాట గల్వాన్‌లో మన జవాన్ల వీరత్వం తర్వాతి పరిస్థితి గురించి అని. ఆగస్టులో రక్షణ శాఖ వెబ్‌సైట్లో చైనా అతిక్రమణ గురించి ఒక నివేదిక పెట్టారు, అది పేపర్లలో రాగానే రెండు రోజుల్లో మాయం చేశారు.

నా ప్రశ్న ఒక్కటే. చైనావాడికి వాడు ఎక్కడ నిలబడ్డాడో తెలుసు. అమెరికావాడికి శాటిలైట్ ఉంది, తెలుసు. తెలియనిది సూర్యాపేటలో మాకే. అంటే దాచింది శత్రువు నుంచా, మా నుంచా?

మాధవరం_మిలిటరీ
తమ్ముడూ, సంతోష్ బాబు గారి పేరు వింటే నేను ఇప్పటికీ లేచి నిలబడతాను. నీ ప్రశ్న న్యాయమే. కానీ ఒకటి ఆలోచించు. చర్చలు నడిచేటప్పుడు అవతలివాడు పరువు పోకుండా వెనక్కి తగ్గడానికి కొంచెం సందు వదలాలి. మనం రోజూ మైకు పెట్టి వాడు వచ్చాడు వచ్చాడు అంటే, ఇక్కడ జనం తరిమెయ్యమంటారు, అక్కడ వాడు తగ్గలేడు. అప్పుడు మళ్ళీ చచ్చేది మా కుర్రాళ్ళే.

అయినా మనవాళ్ళు ఇరవై మంది అని ఆ రాత్రికే చెప్పారు. చైనావాడు ఎనిమిది నెలలు నోరు మెదపలేదు, 2021 ఫిబ్రవరిలో నలుగురు అన్నాడు. అదీ ఎవడూ నమ్మలేదు. ఆ విషయంలో మనమే నయం.

పేట_పోరగాడు
ఒప్పుకుంటా. అసలు అదే నా పాయింట్ కూడా. సంఖ్య చెప్పినందుకు మనకేం నష్టం కాలేదు, పైగా ఇరవై మందికీ పేరుతో సహా దేశం దండం పెట్టింది. వాళ్ళ సైనికుల ఇళ్ళల్లో గట్టిగా ఏడ్వడానికి కూడా ఉందో లేదో. చెప్పినకాడ బలం వచ్చింది, మాట మెలికలు తిప్పినకాడ అనుమానం వచ్చింది.

గుంటూరు_వాణి
నేను మామూలుగా ఇక్కడ వంటల దారంలోనే రాస్తాను, ఇది చూసి ఆగలేకపోయా. మా తమ్ముడు 1999లో కార్గిల్ వైపు ఉన్నాడు. వైపు అంటున్నా ఎందుకంటే అప్పుడు మాకు అంతే తెలుసు. ఉత్తరం మీద కేరాఫ్ 56 ఏపీఓ అని సైన్యం పోస్టాఫీసు నంబరు ఉంటుంది, అది దేశంలో ఎక్కడైనా కావచ్చు. లోపల క్షేమం, చలిగా ఉంది, అమ్మని మందులు వేసుకోమను, అంతే. జూన్ అంతా అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు, కొండలు చూపిస్తే ఆ రాళ్ళ మధ్య వాడు కనిపిస్తాడేమో అని కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసేది. ఎక్కడున్నాడో చెప్పలేదని మాకు ఒక్కరోజు కూడా ప్రభుత్వం మీద కోపం రాలేదు. వాడు బయటపడ్డాడు, ఇప్పుడు ఇక్కడే బ్యాంకులో సెక్యూరిటీ చేస్తున్నాడు.

కోపం ఎప్పుడు వచ్చిందంటే, వాడు సెలవుకొచ్చి, ఆ కొండల మీదికి వాళ్ళు ఎప్పుడెక్కారో మనకి తెలీనే లేదక్కా, గొర్రెల కాపర్లు చూసి చెప్పారు అన్నప్పుడు. అది ఎలా జరిగింది, ఎవరు నిద్రపోయారు అనేది తెలుసుకునే హక్కు మా అమ్మకి లేదా? యుద్ధం నడిచేటప్పుడు కాదు, అయిపోయాక.

చల్లపల్లి_లాయర్
వాణి గారూ, మీ అమ్మగారి ప్రశ్నకి మన దేశంలో నిజంగానే ఒకసారి జవాబు వచ్చింది, అది కార్గిల్ విషయంలోనే. యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే, 1999 జూలై 29న కె.సుబ్రహ్మణ్యం గారి అధ్యక్షతన సమీక్షా కమిటీ వేశారు. లెఫ్టినెంట్ జనరల్ హజారీ, పాత్రికేయుడు బి.జి.వర్గీస్, సతీశ్ చంద్ర సభ్యులు. నివేదికని 2000 ఫిబ్రవరిలో పార్లమెంటులో పెట్టారు, కొన్ని భాగాలు తీసేసి మిగతాది పుస్తకంగా వేసి అంగళ్ళలో అమ్మారు. గూఢచార వ్యవస్థ ఎక్కడ తప్పిందో అందులో ఉంది. ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో చాలావాటికి మూలం అదే. మూడు దళాలనీ సమన్వయం చేసే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ (సీడీఎస్) పదవి ఆ వరసలో పుట్టిన ఆలోచనే, 2020 జనవరికి గానీ కుర్చీలో మనిషి కూర్చోలేదు అనుకోండి.

దీని పక్కన 1962 పెట్టి చూడండి. చైనా చేతిలో ఓడాక లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ ప్రేమ్ భగత్ ఇద్దరూ విచారణ చేసి 1963లో నివేదిక ఇచ్చారు. అప్పటి రక్షణ మంత్రి వై.బి.చవాన్ సెప్టెంబర్‌లో పార్లమెంటుకి సారాంశం మాత్రం చెప్పారు. అసలు నివేదిక ఈరోజుకీ అధికారికంగా విడుదల కాలేదు. పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ గారు సమాచార హక్కు కింద అడిగితే కేంద్ర సమాచార కమిషన్ ఇవ్వక్కర్లేదంది. 2010లో అప్పటి రక్షణ మంత్రి ఆంటొనీ గారు పార్లమెంటులో ఇది ఇప్పటికీ యుద్ధ వ్యూహాలకు సంబంధించిన విషయం, బయటపెట్టలేం అన్నారు. 2014 మార్చిలో ఆస్ట్రేలియా పాత్రికేయుడు నెవిల్ మాక్స్‌వెల్ తన దగ్గరున్న పెద్ద భాగాన్ని నెట్లో పెట్టేశాడు. ప్రపంచమంతా చదివింది. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న జైట్లీ గారు ఇన్నేళ్ళు దాచడం తప్పని రాశారు. జూలైలో ఆయనే రక్షణ మంత్రిగా, విడుదల చేయడం జాతి ప్రయోజనం కాదని రాజ్యసభలో చెప్పారు. అందుకే పార్టీల గొడవ వద్దన్న బీచ్‌రోడ్ గారి మాట నిలబెట్టడం తేలిక, కుర్చీ ఎక్కితే అందరూ ఒకటే.

డల్లాస్_దుర్గ
ఇంకా సిగ్గుచేటు ఏంటంటే, 1971 గురించి తెలుసుకోవాలంటే నేను ఇక్కడ అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైట్లో చదువుకున్నాను. నిక్సన్, కిసింజర్ ఇందిరమ్మని ఏమన్నారో, ఎంటర్‌ప్రైజ్ ఓడని బంగాళాఖాతంలోకి ఎలా పంపారో, 2005లో సంపుటంగా విడుదల చేశారు, బూతులతో సహా. వాళ్ళ అధ్యక్షుడి పరువు పోయే మాటల్ని వాళ్ళే అచ్చేశారు. మన యుద్ధంలో మన నాయకులు ఏం మాట్లాడుకున్నారో తెలుసుకోవడానికి మాత్రం వాళ్ళ కాగితాలే దిక్కు. ఇక్కడ పాతికేళ్ళు దాటిన రహస్య పత్రాలు, ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప, వాటంతట అవే బయటకు రావాలని 1995 నుంచి నియమం ఉంది.

అమెరికా పుణ్యభూమి అని చెప్పట్లేదు, వియత్నాం మీద వాళ్ళ ప్రభుత్వం ఎన్ని అబద్ధాలాడిందో 1971లో పెంటగాన్ పేపర్లు పత్రికల్లో వస్తేనే తెలిసింది. ఇక మొన్న 2025 మార్చిలో యెమెన్ మీద దాడి గురించి పెద్దపెద్దవాళ్ళు సిగ్నల్ యాప్‌లో గ్రూపు పెట్టుకుని, అందులో పొరపాటున ఒక పత్రికా సంపాదకుణ్ణే చేర్చారు. మా కేజీహెచ్‌డౌన్ తమ్ముణ్ణి ఏం తిడతాం చెప్పండి!

కేజీహెచ్‌డౌన్
థాంక్స్ అక్కా 🙏 నేను డిఫెన్స్ సెక్రటరీ లెవెల్ అన్నమాట.

టీవీ_మానేశా
నేను ఒక తెలుగు న్యూస్ ఛానల్ డెస్కులో తొమ్మిదేళ్ళు చేశా, పేరు వద్దు. సుబేదారు గారి వైపు ఒక మాట, బీచ్‌రోడ్ గారి వైపు ఒక మాట చెప్తా.

2008 ముంబై దాడుల్లో మేం చేసింది తప్పే. ఎన్‌ఎస్‌జీ కమాండోలు మేడ మీదికి తాడు పట్టుకుని దిగుతుంటే లైవ్ ఇచ్చాం, పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్ళు అవి చూస్తూ ఫోన్లో లోపలున్నవాళ్ళకి చెప్పారు. 2012లో కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు ఛానళ్ళని గట్టిగా మందలించింది. తర్వాత కేబుల్ టీవీ నియమాల్లోనే ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్ లైవ్ ఇవ్వకూడదు, నియమించిన అధికారి చెప్పిందే ఇవ్వాలి అని పెట్టారు. సరైన పనే.

ఇక రెండో వైపు. 2025 మే 8 రాత్రి, ఆపరేషన్ సిందూర్ మొదలైన మర్నాడు. అధికారికంగా సమాచారం తక్కువ, జనం మాత్రం టీవీల ముందే. ఖాళీ ఉంటే దుమ్ము చేరినట్టు, ఆ రాత్రి ఎన్ని అబద్ధాలు స్క్రీన్ మీదికెక్కాయో. కరాచీ పోర్టు ధ్వంసం అన్నారు. పొద్దున్నకి చూస్తే పోర్టు పోర్టులాగే ఉంది. మా డెస్కులో ఒక కుర్రాడు వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూపించి వేసేద్దామా అంటే, అది వీడియో గేమ్‌రా అని పక్కనున్న అమ్మాయి చెప్పింది కాబట్టి ఆగాం. ఆ నెలే మానేశా ఉద్యోగం, కారణం ఇదొక్కటే కాదులెండి. విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ గారు, కర్నల్ సోఫియా ఖురేషి, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ ముగ్గురూ కూర్చుని క్లుప్తంగా తేదీ, టైము, చోటు చెప్పిన బ్రీఫింగులు ఎంత హాయిగా ఉండేవో. నిజం కొంచెమే చెప్పినా అది సమయానికి చెప్తే జనం ఊరుకుంటారు.

మన విమానాల నష్టం సంగతి చూడండి. మే 11న ఎయిర్ మార్షల్ భారతి గారు యుద్ధంలో నష్టాలు ఉంటాయి, మన పైలట్లందరూ ఇంటికొచ్చారు అన్నారు, సంఖ్య చెప్పలేదు. మే 31న సీడీఎస్ అనిల్ చౌహాన్ గారు సింగపూర్‌లో విదేశీ మీడియాతో మాట్లాడుతూ విమానాలు పోయాయని ఒప్పుకున్నారు. అదే మాట ఢిల్లీలో, మన పార్లమెంటు సంఘం ముందో మన జనం ముందో మొదట చెబితే ఏం పోయేది?

మాధవరం_మిలిటరీ
మే 11న సంఖ్య చెప్పకపోవడం కరెక్టే. అప్పటికి కాల్పులు ఆగి ఒక్క రోజు, మళ్ళీ మొదలవుతాయో లేదో తెలీదు, మన నష్టం మనమే చెప్పి వాడి లెక్క సరిచేసి ఇవ్వాలా? సింగపూర్ సంగతి మాత్రం నాక్కూడా మింగుడు పడలేదు.

ఒకటి ఒప్పుకుంటాను. 2019 ఫిబ్రవరి 27న బడ్గామ్‌లో మన ఎంఐ-17 హెలికాప్టర్ కూలి ఆరుగురు ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు, కింద ఒక పౌరుడు చనిపోయారు. మన మిస్సైలే తగిలిందని అక్టోబర్ 4న ఎయిర్ చీఫ్ భదౌరియా గారు బయటకు చెప్పారు, పెద్ద పొరపాటు అన్నారు. ఏడు నెలలు. విచారణకి టైము పడుతుంది, సరే. కానీ ఆ ఇళ్ళల్లో ఆ ఏడు నెలలు ఎలా గడిచి ఉంటాయో నాకు తెలుసు, మా యూనిట్లో ఒకసారి అలాంటిది జరిగింది, అంతకంటే రాయను.

డల్లాస్_దుర్గ
చెప్పడం కూడా ఆయుధమే అని మర్చిపోతున్నాం. కార్గిల్ అప్పుడు ముషారఫ్ బీజింగ్‌లో, ఆయన జనరల్ అజీజ్ రావల్పిండిలో ఫోన్లో మాట్లాడుకున్న టేపుని 1999 జూన్ 11న మన ప్రభుత్వమే విలేకరులకి వినిపించింది. కొండల మీద ఉన్నది ముజాహిదీన్లు అనే కథ అక్కడితో కూలిపోయింది.

మాధవరం_మిలిటరీ
అమ్మా, సిగ్నల్స్ వాడిగా నాకు ఆ టేపు వింటే ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది. వాళ్ళ లైను మనం వింటున్నామని మనమే దండోరా వేశాం. మర్నాటి నుంచి ఆ లైనులో ఎవడైనా మాట్లాడతాడా? దేశానికి లాభమే జరిగిందేమో, కాదనను. ఎన్నాళ్ళ కష్టంతో దొరికిన దారో అది, ఒక్క ప్రెస్‌మీట్‌తో అయిపోయింది. బయట పెట్టిన ప్రతిదానికీ ధర ఉంటుంది, అది కట్టేది ఎవరో కనపడరు.

బీచ్‌రోడ్
ఈ పోస్టు నాకు నిజంగా కొత్త విషయం చెప్పింది సుబేదారు గారూ. ధన్యవాదాలు.

కానీ చూడండి, మా వైజాగ్‌లోనే ఇంకో నమూనా ఉంది. అణు సబ్‌మెరైన్ పని ఇక్కడ ఏళ్ళ తరబడి జరిగింది, అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ వెసెల్ అని ఒక ఊరూపేరూ లేని పేరు. ఊళ్ళో ఆటోవాడికి కూడా తెలుసు అక్కడ ఏదో కడుతున్నారని, అధికారికంగా మాత్రం ఏమీ లేదు. 2009 జూలై 26న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారి భార్య గురుశరణ్ కౌర్ గారు కొబ్బరికాయ కొట్టి అరిహంత్‌ని నీళ్ళలోకి దింపారు, టీవీల్లో చూశాం. 2016లో నేవీలో చేరినప్పుడు మళ్ళీ చప్పుడు లేదు. 2018 నవంబర్‌లో మొదటి గస్తీ పూర్తయిందని ప్రధానే ప్రకటించారు. ఎందుకంటే అణ్వాయుధం ఉందని శత్రువుకి తెలియకపోతే అది ఉండీ లాభం లేదు. ఎంత లోతుకెళ్తుంది, ఎక్కడుంటుంది అన్నది రహస్యం. ఉంది అన్నది బహిరంగం. అదీ గీత గీయడం అంటే. కాబట్టి గీత గీయడం మనవాళ్ళకి చేతకాక కాదు. పొరపాట్ల దగ్గరికొచ్చేసరికి ఆ గీత చెరిగిపోతుంది.

పేట_పోరగాడు
లాయర్ సాబ్, మరి చట్టం ఏమంటది? ఇప్పుడు ఘాజీ గురించి ఆర్టీఐ వేస్తే ఇస్తరా?

చల్లపల్లి_లాయర్
ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామందికి తెలీదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(3) ప్రకారం ఇరవై ఏళ్ళు దాటిన సంగతులు అడిగితే మామూలు మినహాయింపులు పనిచేయవు, ఇవ్వాల్సిందే. వినడానికి బాగుంది కదా. కానీ ఆ ఇరవై ఏళ్ళ నియమం నుంచి మూడింటిని పక్కన పెట్టారు. అందులో మొదటిది 8(1)(ఎ), అంటే దేశ భద్రత, వ్యూహ ప్రయోజనాలు. అంటే భద్రత అన్న ముద్ర పడితే దానికి కాలపరిమితి లేదు. ఇరవై కాదు, రెండొందల ఏళ్ళయినా సరే.

ఒక తలుపు మాత్రం తెరిచి ఉంది, 8(2). 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఏమన్నా సరే, బయటపెడితే కలిగే ప్రజా ప్రయోజనం నష్టం కంటే ఎక్కువైతే ఇవ్వొచ్చు. 2019 ఏప్రిల్ 10న రఫేల్ రివ్యూ పిటిషన్లలో ఇది బాగా చర్చకి వచ్చింది. పత్రికలో అచ్చయిన పత్రాలు చూడకూడదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, మొదట దొంగిలించారని, తర్వాత ఫొటోకాపీలని. ముగ్గురు జడ్జీలూ ఆ అభ్యంతరాన్ని కొట్టేశారు. అసలు రివ్యూ పిటిషన్లు నవంబర్‌లో కొట్టేశారు, అది వేరే సంగతి, రెంటినీ కలిపి వాట్సాప్‌లో తిప్పకండి.

2021 జూన్‌లో రక్షణ శాఖ కొత్త విధానం తెచ్చింది. యుద్ధాలు, ఆపరేషన్ల చరిత్రని ఐదేళ్ళలో కూర్చాలి, మామూలుగా పాతికేళ్ళలో రికార్డుల మీద రహస్య ముద్ర తీసేయాలి, పాతికేళ్ళు దాటినవాటిని నిపుణులు చూసి నేషనల్ ఆర్కైవ్స్‌కి పంపాలి. సుబ్రహ్మణ్యం కమిటీ ఎప్పుడో చెప్పిన మాటే ఇది. మామూలుగా అన్న పదం చూశారుగా, మా వృత్తివాళ్ళకి అన్నం పెట్టేది ఆ పదమే.

గుంటూరు_వాణి
కాగితాలే లేకపోతే ముద్ర తీసి ఏం లాభం లాయర్ గారూ?

చల్లపల్లి_లాయర్
అసలు ప్రశ్న మీరే వేశారు. అందుకే నా సలహా, ఘాజీ ఎలా మునిగింది అని అడగొద్దు. అడిగారా, 8(1)(ఎ) అని ఒక్క లైను జవాబు వస్తుంది. ఇలా అడగండి: 1971 డిసెంబర్ 3, 4 తేదీల ఘటనకి సంబంధించి ఎన్ని ఫైళ్ళు తెరిచారు, వాటిలో ఇప్పుడు ఎన్ని ఉన్నాయి, లేనివాటిని ఏ తేదీన, ఏ అధికారి ఉత్తర్వు మీద ధ్వంసం చేశారు, ధ్వంసం చేసిన రికార్డుల జాబితా నకలు ఇవ్వండి. ఇందులో రహస్యం ఏముంది? 1993 పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం ప్రభుత్వ రికార్డుని పద్ధతి లేకుండా ధ్వంసం చేస్తే ఐదేళ్ళ దాకా జైలు. ఆ చట్టం కంటే ముందు చేశారా తర్వాత చేశారా అన్నది కూడా ఆ తేదీతోనే తేలుతుంది.

మాధవరం_మిలిటరీ
ఈ ప్రశ్నకి నా ఓటు కూడా వేస్తాను. మా దగ్గర పాత కోడ్ కాగితాలు తగలబెట్టాలన్నా ఇద్దరు సాక్షులుండాలి, సంతకాలుండాలి, రిజిస్టర్లో ఎక్కాలి. బూడిద కూడా కలిపేసేవాళ్ళం. యుద్ధం ఫైళ్ళు ఊరికే పోయాయంటే ఏ ఫౌజీ నమ్మడు. రిజిస్టర్ ఎక్కడో ఉండాలి.

బీచ్‌రోడ్
సరే, వేస్తున్నా. మా మేనల్లుడు ఇంకా నాలుగు రోజులు ఇక్కడే ఉంటాడు, వాడి చేతే రాయిస్తా, దస్తూరీ బాగుంటుంది. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కోసం పొద్దున్న పోస్టాఫీసుకెళ్తే చిల్లర లేదన్నారు, ఇక్కడ కూడా అడ్డంకే. నాన్నగారి సంగతి కూడా రాద్దామా అన్నాడు వాడు. వద్దన్నా, ప్రశ్న మాత్రమే రాయమన్నా.

అడ్మిన్
జవాబుకి గడువు 30 రోజులు. అప్పటిదాకా ఈ దారాన్ని పైన కట్టేసి ఉంచుతాను. కేజీహెచ్‌డౌన్, నువ్వు మళ్ళీ ఏదో ఫొటో అప్‌లోడ్ చేయబోయావు, చూశాను.

కేజీహెచ్‌డౌన్
అది కురుసుర ముందు మా చెల్లి ఫొటో అండీ బాబూ! టికెట్ కొనుక్కుని మరీ తీశాం.